మిరపకు మందు, నికెల్‌కు విషం: యూరియా ఫ్యాక్టరీలో గంధకం గొడవ

మన గుంటూరు, ప్రకాశం వైపు మిరపకి బూడిద తెగులు వస్తే ఏం కొడతారు? నీళ్లలో కలిపే గంధకం. అదే గంధకం, చిటికెడు కూడా అక్కర్లేదు, మీ పత్తికి వేసే యూరియా ఫ్యాక్టరీనే పడుకోబెట్టగలదు. ఎలాగో చూద్దాం.

యూరియాకి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకి హైడ్రోజన్ కావాలి. రామగుండం సంగతే తీసుకోండి. పాత ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచేది, 1999లో మూతపడింది. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్తది నడిచేది సహజవాయువుతో. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం.

సహజవాయువంటే ముఖ్యంగా మీథేన్. ఇలాంటి ప్లాంట్లలో దాన్ని నీటి ఆవిరితో కలిపి, 800 డిగ్రీల వేడిలో, నికెల్ గుళికలు నింపిన గొట్టాల్లోంచి పంపుతారు. హైడ్రోజన్ విడిపోతుంది. ఆ నికెలే ఉత్ప్రేరకం, అదే క్యాటలిస్ట్. అది ఖర్చవదని బళ్లో చెప్పారు కదా? ఖర్చవదు గానీ, చస్తుంది. ఆ ముక్క మనకెవరూ చెప్పలేదు.

గంధకం ఏం చేస్తుందంటే, మీథేన్ వచ్చి కూర్చోవాల్సిన చోట ముందే అతుక్కుంటుంది. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టన్నమాట. అందుకే గ్యాస్‌లోకి కాస్త హైడ్రోజన్ కలిపి, కోబాల్ట్-మాలిబ్డినం మీదుగా పంపి, గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తారు. దాన్ని జింక్ ఆక్సైడ్ పీల్చేస్తుంది. చివరికి కోటి పాళ్లలో ఒక పాలు కూడా మిగలకూడదు. జింక్ ఆక్సైడ్ నిండిపోయిందని చూసుకోకపోతే, విషం నేరుగా నికెల్ మీదికే.

రెండోది మసి. ఆవిరి తగ్గితే మీథేన్‌లోని కార్బన్ నికెల్ రేణువు కింద దారంలా పెరిగి, దాన్ని పెళ్లగిస్తుంది. గుళిక పొడైపోతుంది, గొట్టం పూడుకుంటుంది. అక్కడ వేడిని వాడుకునే చర్య ఉండదు కాబట్టి గొట్టం గోడ ఎర్రగా కాలుతుంది, పగిలినా పగలొచ్చు. అందుకే ఒక కార్బన్‌కు సుమారు మూడు నీటి అణువులు ఉండేలా ఆవిరి ఇస్తారు. ప్లాంట్ మొదలెట్టేటప్పుడు ముందు ఆవిరి, తర్వాత గ్యాస్. ఆపేటప్పుడు ముందు గ్యాస్ కట్టేయాలి. ఈ వరస తప్పితే అంతే సంగతులు. గొట్టం మొదట్లో వాడే గుళికల్లో పొటాష్ కూడా కలుపుతారు, మసి పట్టకుండా.

మసి పడితే ఆవిరితో కాల్చి కొంత తీయొచ్చు. కానీ ఏళ్ల తరబడి వేడికి నికెల్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయితే మాత్రం వెనక్కి రావు. ప్లాంట్ ఆపి, గొట్టాలు ఖాళీ చేసి, కొత్త గుళికలు పోయాల్సిందే.