అయిదంగుళాలా, ఆరంగుళాలా?

మా నాన్నగారు వడ్రంగి. మద్రాసులో ముప్ఫై ఏళ్లుగా తలుపులు, కిటికీలు, కుర్చీలు చేస్తున్నారు. పోయిన నెల ఆయన పాత సాండర్ కాలిపోయింది. కొత్తది కొనడానికి ప్యారీస్ వెళ్తుంటే నేనూ వెంట పడ్డాను. సాండర్ అంటే చెక్కను నునుపు చేసే చేతి మిషను. అడుగున గుండ్రటి మెత్త ఉంటుంది. దానికి ఉప్పు కాగితం అంటించి నడుపుతారు. మా అమ్మ తమిళంలో దాన్నే ఉప్పుత్తాళ్ అంటుంది. రెండు భాషల్లోనూ ఉప్పే!

దుకాణాయన రెండు మిషన్లు ముందు పెట్టాడు. ఒకటి 5 అంగుళాలది, అంటే 125 మి.మీ. ఇంకోటి 6 అంగుళాలది, 150 మి.మీ. "పెద్దది తీసుకోండి, పని తొందరగా అవుతుంది" అన్నాడు. నాన్న సరే అనేశారు. నేను ఫోన్‌లో లెక్క వేశాను. చిన్నదాని వైశాల్యం సుమారు 123 చదరపు సెంటీమీటర్లు, పెద్దదానిది 177. ఒక్క అంగుళానికి 44 శాతం ఎక్కువ! పదో తరగతిలో బట్టీ పట్టిన సూత్రం ఇన్నాళ్లకి పనికొచ్చింది.

అయితే ఆ లాభం బల్ల పైభాగంలాంటి వెడల్పు చెక్క మీదే. నాన్న చేసేవి ఎక్కువగా కిటికీ చట్రాలు, తలుపు నిలువు చెక్కలు. వాటి వెడల్పు మూడు, నాలుగు అంగుళాలు. మెత్తలో చాలా భాగం గాల్లో ఉంటే మిషను ఒరుగుతుంది, చెక్క అంచు అరిగి గుండ్రమైపోతుంది. 5 అంగుళాలది కూడా కొంచెం బయటికి వస్తుంది గానీ చేతికి లొంగుతుంది.

నేను అడ్డం పడింది మాత్రం బరువు గురించి. నాన్నకి రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎవరికీ చెప్పరు. చేయి విదిలించుకుంటుంటే నేనే చూశాను. అదిరే మిషన్లు ఏళ్ల తరబడి పట్టుకునేవాళ్లకి వేళ్ల నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. బల్ల మీద పనైతే మిషను బరువే చాలు, మనం నొక్కకూడదు కూడా. నిలబెట్టిన తలుపుకైతే ఆ బరువంతా చేతి మీదే. ఆ చిన్నది కిలోన్నర లోపే, ఒక్క అరచేత్తో పట్టుకోవచ్చు. ఆ పెద్దది రెండు కిలోలు దాటింది, రెండు చేతులూ కావాలి.

పెట్టె మీద ఇంకో చిన్న అంకె ఉంటుంది. 2.5 మి.మీ. అనో, 5 మి.మీ. అనో. మెత్త తిరుగుతూనే ఎంత మేర ఊగుతుందో చెప్పేది అదే. 5 అయితే చెక్కను గబగబా తినేస్తుంది, పాత పెయింటు తీయడానికి బాగుంటుంది. 2.5 పాలిష్‌కి ముందు నునుపు చేయడానికి. ఇది తెలియక నేను సెలవుల్లో మొరటు కాగితం పెట్టి ఒక వెనీర్ పలక మీద నడిపాను. వెనీర్ మందం అర మిల్లీమీటరు. కింద ప్లైవుడ్ బయటపడింది. నాన్న తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది.

గుండ్రటిది ఏ సైజైనా మూలల్లోకి పోదు. దానికి చదరపు మెత్త ఉన్న చిన్న మిషను వేరే ఉంది. 9 బై 11 అంగుళాల మామూలు ఉప్పు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బిగించుకోవచ్చు, ప్రత్యేకం బిళ్లలు కొనక్కర్లేదు. పని మాత్రం నిదానం. ఒక్కటే కొనే డబ్బుంది కాబట్టి మూలలు చేత్తోనే రుద్దుకుందాం అనుకున్నాం.

5 అంగుళాలది, 2.5 ఊగేది కొన్నాం. బస్సులో నాన్న ముభావంగా కూర్చున్నారు. పోయిన ఆదివారం ఒక డైనింగ్ టేబుల్ పని వచ్చింది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. "ఆరుది కొనుంటే ఈపాటికి అయిపోయేది" అని సణిగారు. నిజమే. సగం బల్ల నేను పట్టాను. మాస్కు కట్టుకోమని ఆయన, ముందు మీరు కట్టుకోండి నాన్నా అని నేను.