ఆనప పందిరికి ఏ తాడు, ఏ కట్టు?

ఆనప, బీర, కాకర, దొండ పాదులకు వెదురు పందిరి వేస్తాం గదా, ఆ పందిరిని పట్టి ఉంచే తాడు గురించి ఈనాడు ముచ్చటించుకుందాం. విత్తనం ఏ రకమని అడిగేవారు పదిమంది ఉంటారు. తాడు ఏ రకమని అడిగేవారు ఒక్కరూ కనబడరు.

నేనూ ఒకప్పుడు అడగనివాణ్ణే. ఒక రైతు పొలంలో నా సలహా మీదనే ఆనప పందిరి వేశారు. ఆషాఢంలో అప్పుడే నరికి తెచ్చిన పచ్చి బొంగులు, చేతికందిన గోగు పురి. కట్టిననాడు ఏనుగు ఊపినా కదలదనిపించింది. భాద్రపదంలో తీగ నిండా కాయ ఉండగా ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారగట్ల ఆయన వచ్చి, "బాబూ, పందిరి ఒరిగిపోనాది, కాయంతా మట్టిపాలయిపోనాది" అన్నాడు. ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

వెళ్లి చూస్తే బొంగు ఒక్కటీ విరగలేదు. కట్లు వదులై జారిపోయాయి. పచ్చి వెదురులో నీరు ఎక్కువ. ఎండుతున్న కొద్దీ బొంగు లావు తగ్గుతుంది, పదింట ఒక వంతు, ఒక్కోసారి అంతకు మించి కూడా. బొంగు సన్నబడ్డాక చుట్టూ ఉన్న కట్టు ఎంత గట్టిదైతే మాత్రం ఏం పట్టుకుంటుంది? పైగా గోగు పురి అప్పటికే చివికి, చేత్తో లాగితే తెగిపోతున్నది.

గోగును నేను చిన్నచూపు చూడను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఒకప్పుడు విస్తారంగా వేసిన పంట అది. ఆమదాలవలస పరిశోధనా స్థానంలో దాని మీద ఎంతో కృషి జరిగింది. గోగు నార సాగదు, కట్టిన బిగువు నిలుపుతుంది. కాని తేమ నిలిస్తే బూజు పట్టి వానకాలం దాటదు. కావున మూడు నెలల పని అయితే, వానకు తడవని చోట అయితే గోగు మేలు.

ఉద్దానం వైపు కవిటి, సోంపేటలలో దొరికే కొబ్బరి పీచు తాడు ఇందుకు ఎదురు స్వభావం. దానిలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎక్కువ గనుక బూజుకు త్వరగా లొంగదు, ఉప్పునీటికీ ఓర్చుకుంటుంది. దాని లోపం సాగడం. అందుకని కొత్త తాడును తడిపి, చెట్టుకొమ్మకు వేలాడదీసి, అడుగున బరువు కట్టి ఒక రాత్రి ఉంచండి. సాగవలసినంత అక్కడే సాగిపోతుంది. సీతంపేట కొండలలో సవరలు అడ్డతీగ నారతో తాళ్లు చేసుకుంటారు. ఆ నార దొరికేవారు నానబెట్టి, మెత్తగా ఉన్నప్పుడే కట్టుకోవాలి. నైలాను తాడు కుళ్లదు, నిజమే. కాని వెదురు చర్మం నున్నన, నైలానూ నున్నన, ముడి జారుతుంది. ఎండకు ఏటేటా పెళుసెక్కుతుంది కూడా. ఇనుప తీగ బొంగును కోస్తుంది. మేకు సంగతి చెప్పనక్కరలేదు, వెదురు నిలువునా చీలిపోతుంది.

ఇక కట్టు సంగతి. నిట్రాడు బొంగు కణుపుకు సరిగ్గా పైన అడ్డబొంగు కూర్చోవాలి. అప్పుడు కట్టు కొద్దిగా వదులైనా కిందికి జారకుండా కణుపు అడ్డుకుంటుంది. ముందుగా నిట్రాడుకు, అడ్డబొంగు కింద ముడి వేయండి. అక్కడి నుంచి అడ్డబొంగు ముందుగా, నిట్రాడు వెనుకగా, మళ్లీ అడ్డబొంగు ముందుగా మూడు చుట్లు తిప్పండి. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు, పక్కపక్కనే పడాలి. చాలామంది ఇక్కడితో ముడి వేసి ఊరుకుంటారు. అసలు బిగువు తరువాతి పనిలో ఉంది. తాడును రెండు బొంగుల సందులోనికి పోనిచ్చి, వేసిన చుట్లనే నడుము బిగించినట్టు రెండు మూడుసార్లు లాగి చుట్టాలి. ఆ లాగుడుకు ముందరి చుట్లన్నీ బిర్రుగా బిగుస్తాయి. ఆపైన అడ్డబొంగుకు ముడి.

రెండు బొంగులను పొడుగునా అతకాలంటే మూరెడుకు తక్కువ కాకుండా ఒకదాని పక్కన ఒకటి చేర్చి, రెండు చివరలా రెండు కట్లు వేయాలి. నడుమ ఒకే కట్టు వేస్తే బొంగులు త్రాసుకాడలా ఊగుతాయి.

2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి చెట్లనే కూల్చింది. అటువంటి గాలికి ఏ కట్టూ ఆగదు. నేను చెప్పేది ఏటా వచ్చే గాలివానల మాట.

వీలైతే మూడేళ్లు ముదిరిన బొంగులను చలికాలంలో నరికి, నెల్లాళ్లు చెరువు నీట నానవేసి, నీడన ఆరబెట్టుకోండి. పుచ్చు పురుగు బెడదా తగ్గుతుంది. పచ్చివే వాడక తప్పకపోతే నెలకొకసారి ప్రతి కట్టునూ ఊపి చూడండి. వదులైన చోట తాటిమట్ట చీలికను తాడుకూ బొంగుకూ మధ్య దిగగొట్టండి. తీగ పందిరి ఎక్కకముందే ఈ పని చూసుకోవాలి. కాయ దిగాక కట్టు దగ్గరకు చెయ్యి పోదు.