కేబుల్ టీవీలో కోరిన సినిమా: సర్వర్ మారినా బొమ్మ ఆగకూడదంటే...

కేబుల్ టీవీలో సాధారణ ఛానల్ ఊరంతటికీ ఒకేసారి అందుతుంది. ఎంతమంది చూసినా తీగపై దానికి పట్టే చోటు ఒక్కటే. కోరిన వేళకు కోరిన సినిమాను అందించే 'వీడియో ఆన్ డిమాండ్' సేవ అలా కాదు. అక్కడ ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ప్రసారం విడిగా వెళ్లాలి. అమెరికాలో టైమ్ వార్నర్ సంస్థ 1994 డిసెంబరులో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోలో ఈ సేవను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. తర్వాతి కాలంలో అక్కడి పెద్ద కేబుల్ సంస్థలు దీనిని విస్తరించాయి.

సర్వీస్ గ్రూప్ అంటే ఏమిటి?

ఒకే ప్రసార సామర్థ్యాన్ని పంచుకునే కొన్ని వందల ఇళ్ల సముదాయమే సర్వీస్ గ్రూప్. అమెరికాలో కేబుల్ ఛానల్ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. 256-క్యామ్ పద్ధతిలో అది సెకనుకు సుమారు 38.8 మెగాబిట్ల సమాచారాన్ని మోస్తుంది. సాధారణ నాణ్యత గల సినిమాకు 3.75 మెగాబిట్లు కేటాయిస్తే, ఒక ఛానల్‌లో పది సినిమాలు పడతాయి. ఒక గ్రూపునకు ఇటువంటి ఛానళ్లు నాలుగు ఉంటే ఏకకాలంలో నలభై ఇళ్లకు సినిమా అందుతుంది. నలభై ఒకటో ఇల్లు వేచి ఉండవలసిందే.

ఈ లెక్కను చూసేది రిసోర్స్ మేనేజర్ అనే సర్వర్. ఖాళీ ఉన్న ఛానల్‌ను ఎంచి, ఏ ఫ్రీక్వెన్సీలో సినిమా వస్తుందో సెట్‌టాప్ బాక్స్‌కు తెలియజేయిస్తుంది. సినిమా ముగియగానే ఆ చోటును తిరిగి ఖాళీల జాబితాలో చేరుస్తుంది. రైల్వే రిజర్వేషన్ పట్టిక చేసే పని వంటిదే ఇది.

రెండు పట్టికలుంటే ముప్పు

వాడకం పెరిగిన కొద్దీ గ్రూపులను విడదీస్తారు. సర్వర్‌పై భారం పెరిగినా, అది పాతబడినా కొన్ని గ్రూపులను మరో సర్వర్‌కు అప్పగించవలసి వస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. పాత సర్వర్ ఒక ఛానల్‌లో ఏడు సినిమాలు నడుపుతుండగా, కొత్త సర్వర్ అదే ఛానల్ పూర్తిగా ఖాళీ అనుకొని మరో పదింటిని పంపిందనుకుందాం. 38.8 మెగాబిట్ల దారిలోకి 63.75 మెగాబిట్లు వస్తాయి. ఆలస్యంగా వచ్చినవారికే కాదు, పదిహేడు ఇళ్లలోనూ బొమ్మ ముక్కలవుతుంది. పాత సర్వర్ వదిలేసి కొత్తది ఇంకా స్వీకరించకపోతే, ఛానల్ ఖాళీగా ఉన్నా ప్రేక్షకుడికి నిరాకరణే ఎదురవుతుంది.

మార్పిడి క్రమం

అందుకే ఈ పనికి వీక్షకులు తక్కువగా ఉండే తెల్లవారుజాము వేళను ఎంచుకోవడం మేలు. ముందుగా గ్రూపు వివరాలను, అంటే పరికరాల చిరునామాలు, ఫ్రీక్వెన్సీలు, ప్రసారాల గుర్తింపు సంఖ్యలను కొత్త సర్వర్‌లో నమోదు చేస్తారు. ఒక్క అంకె తప్పినా సినిమా మరో పేట ఇళ్లకు వెళ్లే తీగలోకి పోతుంది. తర్వాత పాత సర్వర్‌లో కొత్త కేటాయింపులు నిలిపి, నడుస్తున్నవి ముగిసే వరకు ఆగుతారు. మధ్యలో ఆపి ఉంచిన సినిమా కూడా చోటును పట్టుకునే ఉంటుంది. కనుక గడువు తర్వాత మిగిలిన వాటిని ముగించక తప్పదు. అప్పుడే ఛానళ్లను పాత సర్వర్ నుంచి తొలగించి కొత్తదానికి అప్పగిస్తారు, అభ్యర్థనల దారిని కూడా అటు మళ్లిస్తారు. చివరగా అదే గ్రూపులోని ఒక బాక్స్‌లో సినిమా నడిపి చూస్తారు. తేడా వస్తే వెనక్కి మళ్లేందుకు పాత వివరాలను భద్రపరుస్తారు. అన్ని గ్రూపులనూ ఒకేసారి కాక, ఒక్కొక్కటిగా మార్చడం క్షేమకరం.

మన దేశంలో...

భారత్‌లో కేబుల్ డిజిటలీకరణ 2012లో మహానగరాలతో మొదలై, రెండో దశలో హైదరాబాద్, విశాఖపట్నం నగరాలకు విస్తరించింది. ఇక్కడి కేబుల్ ప్రసారం అధికంగా ఏకముఖం. అందరికీ ఒకే ఛానళ్లు అందుతాయి కనుక ఇంటింటి కేటాయింపు అవసరం అంతగా రాలేదు. కోరిన వేళ సినిమా చూసేవారు ఎక్కువగా ఇంటర్నెట్‌ను ఆశ్రయిస్తున్నారు. అయితే కేబుల్ తీగపై బ్రాడ్‌బ్యాండ్ అందించే చోట కూడా కొన్ని ఇళ్లు ఒకే సామర్థ్యాన్ని పంచుకుంటాయి. సాయంత్రం వేళ అక్కడ వేగం తగ్గడానికి ఒక కారణం ఈ పంపకమే.