నవ్వుల బొమ్మలు - సరుకుల బేరం

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

నేటి విద్యార్థి లోకంలో మీమ్ అంటే తెలియనివారు లేరు. మాస్టారు రేపు పరీక్ష అని ప్రకటిస్తే చాలు, బెల్ కొట్టేలోపు బ్రహ్మానందం గారి ముఖం క్లాసులోని సెల్‌ఫోన్లన్నీ చుట్టి వస్తుంది. అయితే ఈ మాట పుట్టింది సినిమాల్లో కాదు, మన జీవశాస్త్రంలోనే!

1976లో రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త 'ది సెల్ఫిష్ జీన్' అనే గ్రంథంలో ఈ పదాన్ని సృష్టించారు. జీన్లు తరం నుండి తరానికి నకలైనట్లే, ఒక పాటగాని, అలవాటుగాని, ఆలోచనగాని అనుకరణ ద్వారా మెదడు నుండి మెదడుకు పాకుతుందని ఆయన భావం. పాకే దారిలో కొద్దిగా మారుతుంది. నచ్చినది నిలుస్తుంది, నచ్చనిది రాలిపోతుంది. మా ఊళ్లో పాత రోజుల్లో ఇంటి విత్తనం చేతులు మారినట్లే అన్నమాట. దానికి బిల్లూ లేదు, లేబులూ లేదు.

ఇంతమంది నవ్వే చోట వ్యాపారస్థుడు ఊరుకుంటాడా? కాని ఊరందరి బొమ్మకు తన లేబులు అంటించడం అనుకున్నంత తేలిక కాదు. ప్రియురాలి పక్కన నడుస్తూ మరొక అమ్మాయిని వెనుదిరిగి చూసే యువకుడి ఫోటో మీరంతా చూసే ఉంటారు. ఒక స్పెయిన్ ఫోటోగ్రాఫర్ 2015లో తీసిన ఆ బొమ్మ 2017లో లోకమంతా పాకింది. 2018లో స్వీడన్‌లోని బాన్‌హోఫ్ అనే ఇంటర్నెట్ కంపెనీ దానిని ఉద్యోగ ప్రకటనకు వాడింది. ప్రియురాలి మీద 'ఇప్పటి ఉద్యోగం' అనీ, కొత్త అమ్మాయి మీద తన పేరూ రాసింది. స్త్రీలను మార్చుకునే వస్తువుల్లా చూపారని అక్కడి ప్రకటనల పర్యవేక్షక సంస్థ తప్పుపట్టింది. స్నేహితుల మధ్య తమాషాగా చెల్లిన బొమ్మకే కంపెనీ జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

హక్కుల చిక్కు మరొకటి. అమెరికాలో మూతి ముడుచుకున్న 'గ్రంపీ క్యాట్' అనే పిల్లి బొమ్మను చల్లని కాఫీ సీసాల మీద వేసుకోవడానికి ఒక కంపెనీ ఒప్పందం చేసుకుంది. ఒప్పందంలో లేని కాఫీ పొడి మీద కూడా వేసింది. 2018లో జ్యూరీ 7,10,001 డాలర్లు చెల్లించమన్నది.

మరి బాగా వాడుకున్నవారే లేరా? మీమ్ అన్న పేరు పుట్టకముందే, 1966 నుండి, అమూల్ పాప వీధి హోర్డింగుల మీద ఈ పనే చేస్తోంది. సంగతి అందరిదీ, బొమ్మా చమత్కారమూ తనవి.

ఇక మా ఇంటి సంగతి. తొలకరి ముందు ఒక విత్తనాల కంపెనీ మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక సినిమా మీమ్ పెట్టింది. మా నాన్న దాన్ని పదిమందికీ చూపించి పగలబడి నవ్వాడు. ఆ ఊపులోనే రెండు ప్యాకెట్ల పత్తి గింజలు తెచ్చాడు. సగం మొలవలేదు. ఇదేమిటని అదే గ్రూపులో అడిగితే, జవాబుగా ఇంకో మీమ్ వచ్చింది. దానికి మా నాన్న నవ్వలేదు. అప్పు చేసి మళ్లీ గింజలు కొన్నాం.

కాబట్టి కంపెనీలు మీమ్‌లు వాడకూడదని నేననను. నవ్వించిన గొంతుతోనే, సరుకు చెడినప్పుడు జవాబు కూడా చెప్పగలగాలి. మిత్రులారా, రేపు మనలో కొందరు ఆ కంపెనీల్లోనే కూర్చుని ఇలాంటి బొమ్మలు తయారుచేస్తారు. ఆనాడు అవతలి వైపు ఫోన్ పట్టుకున్న రైతును ఒక్కసారి తలచుకుంటే చాలు.