ఆస్ట్రేలియా జంతువుల చుట్టరికము

ముఖమును చూచి బంధువులను గుర్తుపట్టుట మనకందఱకును అలవాటు. క్రొత్తగా బడిలో చేరిన బాలుని చూచి "నీవు ఫలానావారి తమ్ముడవు కావా?" అని యడుగుదుము. అనేక పర్యాయములు మన యూహ నిజమగును. ఒక్కొక్కప్పుడు మాత్రము ఆ బాలుడు నవ్వి, వారెవరో తానెఱుగనని చెప్పును. జంతువుల చుట్టరికమును విచారించు శాస్త్రజ్ఞులకును ఇట్టి పొరపాటే పలుమాఱు తటస్థించినది. దానిని వారెట్లు దిద్దుకొనిరో, ఆస్ట్రేలియా ఖండపు జంతువులను దృష్టాంతముగా గైకొని, యీ వ్యాసమున వివరింప దలంచితిమి.

ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమునందు థైలసీన్ అను మృగముండెను. దాని తలయు, పండ్లును తోడేలును పోలియుండెను. వీపు వెనుకభాగమున పులికివలె చారలుండెను. అందుచే వలసవచ్చిన ఐరోపీయులు దానిని కొందఱు తోడేలనియు, కొందఱు పులియనియు పిలిచిరి. అది తోడేలును గాదు, పులియును గాదు. కంగారువలె పిల్లను మోయు సంచిగల జంతువుల వర్గములోనిది. తోడేలునకును దానికిని ఉమ్మడియైన మూలపురుషుని వెదకవలెనన్న సుమారు 16 కోట్ల సంవత్సరములు వెనుకకు పోవలెను. అట్లయిన నింత పోలిక యెట్లు కలిగెను? నాగలి పట్టిన చేతులన్నిటికిని కాయలు కాచును. అంతమాత్రమున ఆ రైతులందఱు నొక తల్లి బిడ్డలు గారు. వేటాడి మాంసము తినుట రెండిటికిని వృత్తియే గనుక, తరతరములుగా రెండిటి దవడలును ఒక్క తీరున దిద్దబడినవి.

అయితే సంచిజంతువులలో దానికి దగ్గఱి చుట్టమేది? దక్షిణ అమెరికాలో బహుకాలము క్రిందట నశించిన బోర్హయినిడ్లు అను మాంసాహారులే దాని బంధువులని కొందఱనిరి. టాస్మేనియాలోనే నివసించు "డెవిల్" అను నల్లని చిన్నమృగమును, "క్వోల్" అను చుక్కల జంతువును దాని బంధువులని మఱికొందఱనిరి. పండ్లును, కటిప్రదేశపు ఎముకలును ఒక పక్షమునకు తోడ్పడగా, ఇతర చిహ్నములు రెండవ పక్షమునకు తోడ్పడెను. సాక్షులు భిన్నముగా చెప్పినప్పుడు న్యాయాధిపతి క్రొత్త సాక్షిని పిలిపించును. ఇచ్చట ఆ క్రొత్త సాక్షి జీవకణములోనే దొరకెను.

ప్రతి జీవకణమునందును డి. ఎన్. ఏ. అను మిక్కిలి పొడవైన, సన్నని దారమువంటి అణువు గలదు. శరీరనిర్మాణమునకు వలసిన సమాచారమంతయు దానియందు నాలుగే యక్షరములతో వ్రాయబడియున్నట్లు భావింపవచ్చును. తల్లిదండ్రులనుండి బిడ్డలకు ఆ గ్రంథపు ప్రతి సంక్రమించును. ప్రతి తీయునప్పుడు అరుదుగా ఒక యక్షరము తాఱుమాఱగును.

మన పెద్దలు తాళపత్రములపై కావ్యములను ఎత్తివ్రాయుకాలమున జరిగినదియు నిట్టిదే. ఒక లేఖకుడు ఒక యక్షరమును తప్పు వ్రాసినచో, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలోను ఆ తప్పు దిగివచ్చును. వేమన పద్యములను పరిష్కరింపజేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పండితులచే అనేక ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి సరిపోల్చజేసెను. ఒకే చోట ఒకే తప్పు రెండు ప్రతులయందు కానవచ్చినచో, అవి రెండును ఒక మాతృకనుండి పుట్టినవని యూహింపవచ్చును. సరియైన పాఠము అన్ని ప్రతులకును సమానమే గనుక దానివలన వంశము తెలియదు. తప్పే వంశమును తెలుపును. జీవుల వంశమును విచారించువారు చేయునదియు ఇదియే.

ఈ పద్ధతికి పూర్వమే రక్తపరీక్ష యొకటి యుండెను. 1904లో కేంబ్రిడ్జిలో జార్జి నట్టల్ అను శాస్త్రజ్ఞుడు అనేక జంతువుల రక్తములను పరీక్షించి యొక గ్రంథము ప్రకటించెను. ఒక జంతువు రక్తమును కుందేలునకు ఎక్కించినచో, కుందేలు రక్తములో దానికి విరోధియగు పదార్థము పుట్టును. ఆ పదార్థము మొదటి జంతువు రక్తముతో కలిసినప్పుడు తెల్లని మడ్డి యేర్పడును; దగ్గఱి చుట్టముల రక్తముతో కొంచెము తక్కువగాను, దూరపు చుట్టముల రక్తముతో మిక్కిలి తక్కువగాను ఏర్పడును. ఈ సూత్రమునే యింకను సూక్ష్మముగా నుపయోగించి 1981లో శాస్త్రజ్ఞులు థైలసీన్ ఎండుతోలులో మిగిలిన మాంసకృత్తును పరీక్షించిరి. 1989లో మఱికొందఱు ప్రదర్శనశాలలోని తోళ్లనుండి డి. ఎన్. ఏ. తునకలనే సంగ్రహించి అక్షరక్రమమును చదివిరి. రెండు పరీక్షలును ఒక్కటే చెప్పెను: థైలసీన్ దక్షిణ అమెరికా జంతువులకంటె ఆస్ట్రేలియాలోని డెవిల్, క్వోల్ మొదలగువానికే దగ్గఱి చుట్టము. 1909లో ఆల్కహాలునందు భద్రపఱచిన ఒక థైలసీన్ పిల్ల మెల్బోర్న్ నగరపు ప్రదర్శనశాలలో నుండెను. దానినుండి ఆ జాతి జన్యుగ్రంథము దాదాపు సంపూర్ణముగా చదువబడి 2017లో ప్రకటింపబడెను.

ఇచ్చట ఒక యాక్షేపణ రావచ్చును. ఉన్న యక్షరములు నాలుగే కదా. చుట్టరికము లేకయే రెండు జంతువులలో నొకే మార్పు అకస్మాత్తుగా కలుగరాదా? కలుగవచ్చును. అందుచేతనే శాస్త్రజ్ఞులు అక్షరములతో తృప్తినొందక మఱియొక చిహ్నమును వెదకిరి. జన్యుగ్రంథములో కొన్ని చిన్న భాగములు తమ ప్రతిని తామే చేసికొని వేఱొక చోట దూరును. ఒక పద్యము పొరపాటున వేఱొక ఆశ్వాసము నడుమ వ్రాయబడినట్లుండును. ఇద్దఱు లేఖకులు వేర్వేఱుగా అదే పద్యమును సరిగా అదే చోట దూర్చుట దాదాపు అసంభవము. 2010లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ఇట్టి చిహ్నములను పరీక్షింపగా, ఆస్ట్రేలియా సంచిజంతువులన్నియు ఒకే మూలమునుండి పుట్టినవని తేలెను. చిలీ, అర్జెంటీనా దేశముల దక్షిణారణ్యములలో నివసించు "మోనీతో డెల్ మోంటె" అను చుంచెలుకయంతటి సంచిజంతువు వానికి దగ్గఱి చుట్టమై, ఆ కుటుంబమునకు వెలుపల నిలిచెను. ఇంత సముద్రమును దాటి యీ చుట్టరికమెట్లు కలిగెను? ఒకప్పుడు దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఖండములు కలిసియుండెను. అంటార్కిటికా ప్రక్కనున్న సీమూర్ ద్వీపమున సంచిజంతువుల శిలాజములు దొరకినవి. ఎముకలును అణువులును ఇచ్చట ఏకవాక్యముగా సాక్ష్యమిచ్చుచున్నవి.

ప్లాటిపస్ కథ యింకను వింతయైనది. 1799లో దానిని వర్ణించిన జార్జి షా, బాతుముక్కును ఎవరో ఒక మృగచర్మమునకు అతికించిరేమోయని శంకించెను. అది గ్రుడ్లు పెట్టునని 1884లో కాల్డ్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు తంతివార్త పంపిన తరువాతనే వివాదమణగెను. 2008లో దాని జన్యుగ్రంథము ప్రకటింపబడగా, పక్షులకువలె గ్రుడ్డుసొనను చేయు జన్యువును, ఆవునకువలె పాలలోని మాంసకృత్తులను చేయు జన్యువులును ఒక్కచోటనే కానవచ్చెను. మన మనుష్యులయందును సొనను చేయు జన్యువుల శిథిలములు మాత్రము మిగిలియున్నవి. ఇండ్లు కూలినను పునాదిరాళ్లు మిగిలినట్లు, మన పూర్వికులును ఒకప్పుడు గ్రుడ్లు పెట్టినవారేయని అవి తెలుపుచున్నవి.

ఈ విచారణలో మన యూరి సంగతి యేమియు లేదని బాలురు తలంపరాదు. ఆస్ట్రేలియా పాటపక్షులు ఆసియానుండి పలుమాఱులుగా వలసపోయినవని పూర్వము నమ్మిరి. 1980 తరువాత సిబ్లీ, ఆల్క్విస్ట్ అను నిద్దఱు రెండు పక్షుల డి. ఎన్. ఏ. పేటలను కలిపి వేడిచేసి, అవి యెంత వేడికి విడిపోవునో కొలిచిరి. దగ్గఱి చుట్టముల పేటలు గట్టిగా పెనవేసికొనును గనుక ఎక్కువ వేడికిగాని విడివడవు. ఆస్ట్రేలియా పాటపక్షులలో పెక్కు ఒకదానికొకటి చుట్టములని దానివలన తెలిసెను. వారు గీచిన వంశవృక్షములో కొన్ని తప్పులుండెను. అక్షరక్రమమును నేరుగా చదివిన తరువాతివారు 2004 నాటికి వానిని సవరించిరి. లైర్ పక్షి మొదలగు ఆస్ట్రేలియా పక్షులే ఆ వృక్షపు మొదటి కొమ్మలనియు, పాటపక్షుల వంశము ఆ ఖండమునందే పుట్టి లోకమంతయు వ్యాపించినదనియు తేలెను. మన పెరటిలోని కాకియు, చూరుక్రింది పిచ్చుకయు, గోరువంకయు ఆ వంశములోనివే.

ఇంతటి శ్రమవలన లాభమేమని పెద్దలడుగవచ్చును. 1996లో డెవిల్ జంతువుల ముఖములపై భయంకరమైన పుండ్లు కానవచ్చెను. వ్యాధి త్వరగా వ్యాపించి, అనేక ప్రదేశములలో వానిని నాశనముచేసెను. ఆ పుండ్లలోని కణములను పరీక్షింపగా, అవి రోగియైన జంతువు కణములను పోలక, దూరమున నున్న వేఱొక రోగి పుండులోని కణములను పోలియుండెను. అనగా ఒక జంతువునందు పుట్టిన క్యాన్సరు కణములే, అవి యొకదానినొకటి కఱచుకొనునప్పుడు, దేహమునుండి దేహమునకు ప్రాకుచుండెను. చుట్టరికమును చూచు దృష్టియే యిచ్చట వ్యాధిమూలమును పట్టి యిచ్చెను. అందుచే ఆరోగ్యముగల జంతువులను వేఱుచేసి పెంచుట ఆరంభమయ్యెను. 2012లో కొన్నిటిని మరియా ద్వీపమునకు చేర్చిరి. దగ్గఱి చుట్టములు జతకూడకుండ వాని వంశమును పరీక్షించుచున్నారు.

థైలసీన్ విషయమున నీ జాగ్రత్త ఆలస్యమయ్యెను. గొఱ్ఱెలను చంపునన్న నెపమున 1888 మొదలు 1909 వఱకు టాస్మేనియా ప్రభుత్వము 2,184 థైలసీన్ల తలలకు బహుమతులిచ్చెను. చట్టముచే దానికి రక్షణ 1936 జూలై 10న లభించెను. హోబార్ట్ జంతుశాలలోని కడపటి థైలసీన్ అదే సంవత్సరము సెప్టెంబరు 7న చనిపోయెను. రక్షణ లభించిన పిమ్మట అది బ్రదికినది 59 దినములే. దాని చర్మము స్థానిక ప్రదర్శనశాలకు చేరినను, చిట్టాలో సరిగా నమోదుకానందున, అది యెక్కడనున్నదో చాలకాలము ఎవరికిని తెలియలేదు. 2022లో దానిని గుర్తించినప్పుడు తెలిసినదేమనగా, బడిపిల్లలకు చూపుటకై ఆ చర్మమునే చాలకాలము ఊరూర త్రిప్పుచుండిరి. మీవంటి బాలబాలికలెందఱో ఆ చారలను చేతితో తడవియుందురు. అది యా జాతిలో కడపటిదని వారికిగాని, చూపినవారికిగాని తెలియదు.

కావున విద్యార్థులకు మా మనవి యొకటి. సైన్సు గదికై మీరు తెచ్చు సీతాకోకచిలుకకును, రాలిపడిన ఈకకును, నత్తగుల్లకును ఒక చీటీ కట్టుడు. దానిపై దొరకిన చోటును, తేదీని, తెచ్చినవారి పేరును వ్రాయుడు. నేడు మనము చదువలేని గ్రంథమును ఱేపు వచ్చువారు దానియందు చదువవచ్చును. కాని అది యెక్కడిదో మనము వ్రాసియుంచినప్పుడే ఆ చదువు వారికి పూర్తిగా నక్కరకు వచ్చును.