విదేశీ సర్కారుకు అమ్మాలంటే... ఏ మీట్‌కి వెళ్లాలి?

‘ఫలానా దేశంలో బయ్యర్-సెల్లర్ మీట్ ఉందట సార్. ఆరోగ్యశాఖ అధికారులే వస్తారట. డబ్బు కట్టేయమంటారా?’

ఎగుమతుల కాగితాలు చూసిపెట్టే పనిలో ఉన్న నాకు ఇలాంటి ఫోన్లు తరచూ వస్తుంటాయి. అడిగేది పెద్ద కంపెనీలేం కాదు. షెడ్డులో పదిమందిని పెట్టుకుని ఆసుపత్రి మంచాలు, స్టీలు ట్రాలీలు చేసేవాళ్లు. స్టాలు అద్దె, విమానం టికెట్లు, హోటలు కలిపితే వాళ్లకి ఏడాది లాభంలో పెద్ద ముక్కే పోతుంది. అందుకే నేను వెంటనే వెళ్లమనీ అనను, వద్దనీ అనను. పిల్లనిచ్చే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు కదా పెద్దలు. ఇక్కడ నాలుగు ప్రశ్నలు చాలు.

అసలు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. వ్యాపారికి సరుకు నచ్చితే అక్కడికక్కడే ఆర్డరిస్తాడు. ప్రభుత్వ అధికారికి ఎంత నచ్చినా అలా ఇవ్వలేడు. టెండరు పడాలి, కాగితాలు నెగ్గాలి, ధర కుదరాలి. కాబట్టి మీట్‌లో దొరికేది ఆర్డరు కాదు, రాబోయే టెండరు గురించిన సమాచారం.

1. ఆ దేశం మన దగ్గర కొనొచ్చా?

చాలామంది అడగని ప్రశ్న ఇదే. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలో ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందం ఒకటుంది. అందులో మన దేశం సభ్యురాలు కాదు, 2010 నుంచి పరిశీలకురాలు మాత్రమే. దీని దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, అమెరికా కేంద్ర ప్రభుత్వం నిర్ణీత విలువ దాటిన చాలా కొనుగోళ్లలో ఇలాంటి ఒప్పందాలు లేని దేశాల సరుకు తీసుకోదు. అక్కడి ఫెడరల్ అధికారులను కలిసే మీట్‌కి లక్షలు పోసి వెళితే చేతులు కలిపి రావడమే మిగులుతుంది.

మరి తలుపులు తెరిచి ఉన్నదెక్కడ? ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచే ప్రాజెక్టుల అంతర్జాతీయ టెండర్లలో మనవాళ్లు పాల్గొనొచ్చు. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏటా 2,000 కోట్ల డాలర్లకు పైగా సరుకులు, సేవలు కొంటాయి. 2022లో యూఏఈతో, 2025 జులైలో బ్రిటన్‌తో మనం చేసుకున్న ఒప్పందాల్లో ప్రభుత్వ కొనుగోళ్లకో అధ్యాయం ఉంది. అయితే ఏ స్థాయి కొనుగోళ్లకు వర్తిస్తుందో చదువుకోవాలి.

ఇంకో దారి చిన్నవాళ్లకి అంతగా తెలియదు. మన ఎగ్జిమ్ బ్యాంకు ఆఫ్రికా తదితర దేశాల ప్రభుత్వాలకు రుణాలిస్తుంది. ఆ కాంట్రాక్టుల్లో సాధారణంగా 75 శాతం సరుకు, సేవలు ఇండియా నుంచే వెళ్లాలి. కొనేది విదేశీ సర్కారే అయినా పోటీ మాత్రం మనవాళ్ల మధ్యే!

2. వచ్చేదెవరు?

‘ఉన్నతాధికారులు’ అంటే సరిపోదు. పేర్లు వద్దు, హోదాలు చెప్పమనండి. కొనుగోలు విభాగమా? స్పెసిఫికేషన్లు రాసే ఇంజినీరా? లేక వాణిజ్య ప్రతినిధి బృందమా? నాకు తెలిసిన ఒకాయన ఓ నిర్వాహకుడి మాట నమ్మి వెళితే, ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది డీలర్లే. డీలరంటే పనికిరాడని కాదు. కొన్ని దేశాల్లో స్థానిక ఏజెంటు లేకపోతే టెండరే వేయలేం. అలాంటి ఏజెంటు కోసమైతే జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగే మెడికా లాంటి పెద్ద ప్రదర్శనే మేలు. ఎవరి కోసం వెళ్తున్నామో తెలిసి వెళ్లాలి, అంతే.

3. మన కాగితాలు సిద్ధమా?

యూనిసెఫ్ సరఫరా విభాగం కోపెన్‌హాగెన్‌లో ఉంది. ప్రపంచ పిల్లలకు అది పంపే టీకాల్లో మన హైదరాబాద్‌లో తయారైనవీ ఉన్నాయి. స్టాలు బాగుందని కొనలేదు సుమా! ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ అనే కఠిన పరీక్ష దాటాయి కనుక కొన్నారు. మంచాలకైనా, ట్రాలీలకైనా ఏదో ఒక నాణ్యతా పత్రం, గత సరఫరాల రుజువులు, ఆడిట్ చేసిన లెక్కలు అడుగుతారు. అవి లేనప్పుడు ఆ డబ్బు ముందు ల్యాబు పరీక్షలకు పెట్టడమే మంచిది. అలా చేసిన ఒక మంచాల తయారీదారు ఇప్పుడు టెండరు పత్రం చూసి బెదిరిపోకుండా ఏ పేజీకి ఏం జత చేయాలో తనే చెబుతున్నాడు.

4. వాళ్లే ఇక్కడికి వస్తారా?

మనం వెళ్లే మీట్‌లే కాదు, విదేశీ బయ్యర్లను మన దేశానికి రప్పించే ‘రివర్స్’ మీట్‌లూ ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఫార్మెక్సిల్ జరిపే ఐఫెక్స్ అలాంటిదే. రైలు టికెట్‌తో పనైపోతుంటే విమానం దేనికి? బయటికి వెళ్లక తప్పకపోతే కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ అంతర్జాతీయ సహకార పథకం కింద విమాన ఛార్జీలు, స్టాలు అద్దెలో సాయం దొరుకుతుందేమో ముందే కనుక్కోండి. తిరిగొచ్చాక అడిగితే లాభం ఉండదు.

చివరగా ఒక హెచ్చరిక. ఐరాస సంస్థలకు సరఫరాదారుగా పేరు నమోదు చేసుకోవడానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. యూఎన్‌జీఎం పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. ‘నమోదు చేయిస్తాం, టెండరు ఇప్పిస్తాం’ అని ఎవరైనా ఫీజు అడిగితే ఫోన్ పెట్టేయండి. ఆ పూట కూర్చుని, మీరు వెళ్లాలనుకుంటున్న దేశం నిరుడు వేసిన టెండర్లు నాలుగు చదవండి. వాటిలో మీ సరుకు పేరు ఒక్కసారైనా కనిపిస్తేనే స్టాలు సంగతి ఆలోచించండి.