వార్తల్లో పదం: పాన్

పాన్ సేవలను ఆధునికీకరించే పాన్ 2.0 ప్రాజెక్టుకు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఢిల్లీలో ఆమోదం తెలిపింది. వ్యయం రూ.1,435 కోట్లు. పాత కార్డులు చెల్లుతాయి.

ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే పర్మనెంట్ అకౌంట్ నంబరే పాన్. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మరో అక్షరం. నాలుగో అక్షరం 'పి' అయితే అది వ్యక్తిది. వ్యక్తుల పాన్‌లో ఐదోది ఇంటిపేరు తొలి అక్షరం.

మన జీతం నుంచి, డిపాజిట్ వడ్డీ నుంచి కోసిన పన్ను మన ఖాతాలో జమ అయ్యేది ఈ నంబరుతోనే. అది ఇవ్వకపోతే పన్ను పడే ఆదాయంపై సాధారణంగా కనీసం 20 శాతం కోస్తారు. చిరుద్యోగికి అది పెద్ద దెబ్బే.

హైదరాబాద్ నుంచి నోయిడాకో గురుగ్రామ్‌కో ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లకు కొత్త పాన్ అక్కర్లేదు. చిరునామా మార్పించుకుంటే చాలు. రెండో పాన్ ఉంటే రూ.10,000 జరిమానా పడవచ్చు. పాత పన్ను విధానంలో ఇంటద్దె మినహాయింపు కావాలంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు యజమాని పాన్ కూడా చూపాలి. ఇల్లు అద్దెకు మాట్లాడుకునేటప్పుడే అది అడిగి తీసుకోండి.